దోషం అని వచ్చిన బొమ్మలు

మా క్లినిక్‌లో ఒక మాట నిషేధం. అదేమీ బూతు మాట కాదు. కాకినాడలో ఏ వీధిలో నిలబడినా పూటకు పదిసార్లు వినపడేదే. "తగ్గారండీ" అన్న ఆ ఒక్క మాటను మా గుమ్మం లోపల డాక్టరు గానీ, నర్సు గానీ, గేటు దగ్గరుండే అప్పలస్వామి గానీ ఎవరితోనూ అనకూడదు. వేరే ఊళ్ళ క్లినిక్‌ల నుంచి మా దగ్గరికి రెండు రోజుల శిక్షణకు వచ్చే డాక్టర్లు ఈ నియమం విని ముందు నవ్వుతారు. ఒళ్ళు తగ్గించే చోట తగ్గారు అనకపోతే ఇంకేమంటాం మేడం అని అడుగుతారు. వాళ్ళకు చెప్పే కథే ఇది. చెప్పిన ప్రతిసారీ నాకు సిగ్గేస్తుంది. ఆ వెంటనే ఇద్దరు ఆడవాళ్ళ మీద కృతజ్ఞత పుట్టుకొస్తుంది. ఆ రెండూ కలిసే వస్తాయి, విడదీయడం నా వల్ల కాలేదు.

నా పేరు విశాలాక్షి. పేరులో ఉన్నంత కళ్ళు నాకు లేవని కాసేపట్లో మీకే తెలుస్తుంది. భానుగుడి సెంటరుకు దగ్గర్లో నా క్లినిక్. మొటిమలు, మచ్చలు, ముడతలతో మొదలుపెట్టాను. తరువాత ఒళ్ళు తగ్గించే విభాగం తెరిస్తే అదే అసలు క్లినిక్ అయి కూర్చుంది. తలుపు తీసి లోపలికి వచ్చిన ప్రతి మనిషితో రిసెప్షన్‌లో ఎవరుంటే వాళ్ళు "తగ్గారండీ" అనాలని మా వాళ్ళకు నేర్పింది నేనే. నమస్కారం లాంటిదన్నమాట. తగ్గినా తగ్గకపోయినా అనడమే. అంటే చాలు, మనిషి ముఖం విప్పారేది. ఇంత చవకైన మందు ఇంకోటి లేదని మురిసిపోయేదాన్ని.

ఇక తలపుటద్దం సంగతి. దాన్ని కనిపెట్టింది మా మేనమామ కొడుకు శేషశాయి. విశాఖపట్నంలో ఒక అద్దె మేడ మీద అతని ప్రయోగశాల. ప్రమాదంలో చేయి పోయినవాళ్ళకు ఆ చేయి ఇంకా ఉన్నట్టే అనిపిస్తుంటుంది, ఒక్కోసారి నొప్పి కూడా పుడుతుంది. మెదడులో మిగిలిపోయిన ఆ చేతిని బొమ్మగా గీయించగలిగితే నొప్పికి దారి దొరుకుతుందని అతని ఆశ. ఆరేళ్ళు తంటాలు పడి గీయించాడు కూడా. తడి స్పాంజి బిళ్ళలు కుట్టిన టోపీ ఒకటి తలకు పెడతారు. కళ్ళు మూసుకోవాలి. ఇప్పుడు మీ భుజాలు తలచుకోండి, ఇప్పుడు మీ పొట్ట, ఇప్పుడు మీ ముఖం అని ఒక గొంతు నెమ్మదిగా చెబుతూ పోతుంది. మనం తలచుకుంటున్నకొద్దీ ఎదురుగా తెర మీద మన ఒళ్ళు, మనకు ఎలా అనిపిస్తుందో అలా, గీత గీతగా తయారవుతుంది. పక్కనే ఏ భాగం ఎన్ని అంగుళాలో అంకెలు పడతాయి. చివర్న కాగితం మీద అచ్చవుతుంది.

నేను అది చూడగానే నా క్లినిక్ గురించి ఆలోచించాను. ఎవరికి ఎక్కడ ఏం బాగుండలేదో నోటితో చెప్పించేసరికి అరగంట పట్టేది. ఈ యంత్రం ఉంటే కూర్చోబెట్టడం, చూడటం, పని మొదలుపెట్టడం. ఒకటి నాకివ్వమని బావ వెంట పడ్డాను. సరే, ముందు నువ్వే కూర్చో అన్నాడు.

కూర్చున్నాను. కళ్ళు తెరిచేసరికి తెర మీద నా ముఖం నడుమ గుత్తివంకాయంత ముక్కు ఉంది. బావ కుర్చీలో వెనక్కి వాలిపోయి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ ముక్కుకు ఒక చరిత్ర ఉంది. బడిలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. డాక్టరునయ్యాక, ముప్పై ఏళ్ళప్పుడు, హైదరాబాదు వెళ్ళి దాన్ని చెక్కించుకొచ్చాను. ఇప్పుడది నలుగురి ముక్కులాంటి ముక్కే. టేపు పెట్టి చూస్తే బొమ్మలోది దాదాపు రెండింతలుంది. బావ నవ్వు ఆపి, ఇదేదో ఆలోచించాల్సిన విషయంలా ఉంది విశాలీ, అన్నాడు. నేను అతన్ని ఆలోచించనివ్వలేదు. కొలతకు నిలబడని యంత్రాన్ని ఎవరు నమ్ముతారు, సరిచేసివ్వు అని పట్టుబట్టాను.

పాపం సరిచేశాడు. టేపు కొలతకూ బొమ్మకూ బాగా తేడా వస్తే యంత్రం ఆ కాగితం మీద 'దోషం' అని అచ్చేసి మళ్ళీ మొదలుపెడుతుంది. మూడుసార్లు వరసగా తేడా వస్తే, ఇక నాలుగో బొమ్మను తనంతట తానే టేపు కొలతకు లాగేస్తుంది. నా ముక్కు మీద కోపంతో వేయించిన సవరణ అది. దాన్ని పట్టుకొని ఇంటికి వచ్చేశాను.

యంత్రం నడిపే పని సలోమికి అప్పగించాను. సలోమి క్లినిక్ మొదలైన రోజు నుంచి ఉన్న నర్సు, జగన్నాథపురం మనిషి. పది మాటలకు ఒక మాట చెబుతుంది, ఆ ఒక్కటీ పనికొచ్చేది చెబుతుంది. దోషం అని వచ్చిన కాగితాలు పేషంట్ల కంట పడకుండా వెంటనే చింపేయమని చెప్పాను. అలాగే మేడం అంది.

ఏడాది బాగా గడిచింది. తలపుటద్దం గురించి ఊళ్ళో చెప్పుకున్నారు. ఆ చెప్పుకోవడం వినే హైమ మా దగ్గరికి వచ్చింది.

హైమకు ఇరవై రెండేళ్ళు. ఒక ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ పిల్లలకు టీచరు. మొదటిసారి వచ్చినప్పుడు బొద్దుగా, మాట్లాడితే బుగ్గలు సొట్టలు పడుతూ ఉండేది. చెప్పింది చెప్పినట్టు చేసేది. మేం చెప్పనిది కూడా చేస్తోందని నేను గమనించలేదు. ఎనిమిది నెలల్లో ఆ అమ్మాయి తగ్గిన తీరుకు మా క్లినిక్ అంతా చప్పట్లు కొట్టింది. గోడ మీద పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టాం. గేటు దగ్గర అప్పలస్వామి తగ్గారండీ, రిసెప్షన్‌లో తగ్గారండీ, నా గదిలో నేను తగ్గావమ్మా. వినగానే పిల్ల నవ్వేది. ఆ నవ్వులో సొట్టలు ఎప్పుడు పోయాయో నేను చూడలేదు. పని అయిపోయింది, ఇక రానక్కర్లేదు అని చెప్పాల్సిన నెలలో, పొట్ట దగ్గర కొవ్వు ఉండిపోయింది, తీయించుకుంటాను అని వచ్చింది. చేత్తో పట్టి చూస్తే చర్మం తప్ప ఏమీ లేదు. అయినా అడిగింది కదా, చిన్న పనే కదా అని గురువారానికి రాసేశాను. దీనికి నేను ఏ సాకూ చెప్పను.

పని ముందు ఒకసారి తలపుటద్దం దగ్గర కూర్చోబెట్టడం మా పద్ధతి. సలోమి కూర్చోబెట్టింది. దోషం. మళ్ళీ కూర్చోబెట్టింది. దోషం. నేను బావకు ఫోను చేశాను. తలకు కొబ్బరినూనె పెట్టుకొని వచ్చుంటుంది, బిళ్ళలు అంటుకోవు, తలంటి పోసుకొని రమ్మను అన్నాడు. హైమ మర్నాడు కుంకుడుకాయతో తలంటుకొని, ఇంకా తడి ఆరని జుట్టుతో వచ్చింది. మళ్ళీ దోషమే. నాలుగోసారి యంత్రం దానంతట అదే సర్దుకొని, సన్నగా, తీరుగా ఒక అమ్మాయి బొమ్మ గీసింది. అచ్చు హైమే. మేమంతా హమ్మయ్య అనుకున్నాం.

హైమ ఆ బొమ్మను చూసి చిన్న గొంతుతో, "ఇది నేను కాదండీ" అంది.

మేం నవ్వాం. ప్రేమగానే నవ్వాం. రిసెప్షన్ అమ్మాయి ఆమె భుజం తట్టి, మీరేనండీ, అంత తగ్గారండీ అంది. హైమ కూడా నవ్వి వెళ్ళిపోయింది. ఆ రోజు నవ్వనిది సలోమి ఒక్కతే. అది నాకు తరువాత గుర్తొచ్చింది.

బుధవారం ఉదయం క్లినిక్ తీయగానే హైమ వాళ్ళమ్మ వచ్చారు. సత్యవేణి గారు రామారావుపేటలో ఆడవాళ్ళ జాకెట్లు కుడతారు. చేతిలో గుడ్డసంచి, మెడలో టేపు. ఆ టేపు ఆవిడ మెడలో గొలుసులా ఎప్పుడూ ఉంటుందట. కూర్చోమంటే కూర్చోలేదు. చేతులు కట్టుకొని నిలబడి, కాస్త మొహమాటంగా, "మేడం గారండీ, మీ టేపు ఒకసారి ఇస్తారా అండి" అని అడిగారు.

ఇచ్చాను. ఆవిడ మెడలోది తీసి, రెండు టేపులూ నా బల్ల మీద పక్కపక్కన పరిచి, ఈ చివర నుంచి ఆ చివరదాకా వేలితో రాసుకుంటూ వెళ్ళారు. గీతకు గీత సరిపోయింది. ఆవిడ ముఖం వాడిపోయింది. మా టేపు తప్పని తేలితే బాగుండునని ఆశపడి వచ్చారు పాపం.

"మరి తప్పెక్కడుందండి?" అన్నారు. "నా కూతురు ఈ కొలతలు మీరు తీసినవే అంటుందండి. ఆది జాకెట్టు ఇవ్వమంటే ఇవ్వదండి. కాయితం మీద రాసిచ్చి ఇలాగే కుట్టమంటది. కుట్టేనండి. అది తొడుక్కుంటే హేంగరుకి తగిలించినట్టుంటదండి. అదేమో బిగుతుగా ఉందమ్మా, ఇంకో కుట్టు వదులు చెయ్యమ్మా అంటది. ముప్పై ఏళ్ళ నుంచి కుడుతున్నానండి. నా పిల్ల ఒళ్ళు నా చేతికి తెలీదా అండి?"

మన ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ, శిక్షణకు వచ్చే మగ డాక్టర్లకు ఇక్కడ ఆపి చెబుతుంటాను. జాకెట్టు కుట్టించుకోవడానికి మనం టేపు కొలతలివ్వం. ఒంటికి సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి ఇస్తాం, అదే ఆది. దాన్ని చూసి కుడతారు. సొంత తల్లి దగ్గర ఆది దాచిపెట్టి కాగితం ఇచ్చిందంటే, తన ఒంటికి పట్టేది ఏదో ఆ పిల్లకు తెలియకుండా పోయిందని అర్థం.

ఆవిడ సంచిలోంచి కొత్త జాకెట్టు తీసి బల్ల మీద పరిచారు. అప్పటిదాకా గుమ్మం పక్కన నిలబడి ఉన్న సలోమి దగ్గరికి వచ్చింది. జాకెట్టును కాసేపు చూసి, ఒక్క నిమిషం మేడం అని వెళ్ళి, తన అలమారలోంచి పాత చీర పెట్టె ఒకటి తెచ్చింది. మూత తీస్తే లోపల కాగితాలు. అన్నింటి మీదా ఎర్రగా దోషం అన్న ముద్ర.

"చింపేయమన్నారు మేడం. చేతులు రాలేదు," అంది. "మనిషి బొమ్మ కదండీ."

ఆ పెట్టెలోంచి హైమవి మూడు కాగితాలు ఏరి జాకెట్టు పక్కన పెట్టింది. మూడింటిలోనూ ఒకే ఆకారం. భారీగా, భుజాలు కుంగిపోయి, పొట్ట చీర కుచ్చిళ్ళ మీదికి జారి. రెండు వేరువేరు రోజుల్లో గీసినా ఒక్క గీత మారలేదు. యంత్రం తప్పు చేస్తే మూడుసార్లు ఒకే తప్పు చేస్తుందా అన్న ప్రశ్న నాకు అప్పుడు తట్టింది. డాక్టరు చదువు చదివినదాన్ని, అప్పుడు తట్టింది.

సత్యవేణి గారు ఏమీ అడగకుండానే టేపు తీసుకొని జాకెట్టు కొలిచారు. భుజం, ఛాతీ, నడుము, చేతి చుట్టు. కొలిచిన ప్రతి అంకెనూ బొమ్మ పక్కనున్న అంకెతో పోల్చి చూశాం. ఎక్కడా పావు అంగుళం మించి తేడా లేదు. మా క్లినిక్ టేపు చెప్పే హైమకూ దానికీ మాత్రం ఒక్క నడుము దగ్గరే ఆరంగుళాల పైన తేడా.

ఆవిడ టేపు మడిచి, బొమ్మ వంక చూస్తూ నిలబడ్డారు.

"దీనికేనండి నేను కుట్టింది," అన్నారు.

హైమ అద్దంలో ఎవరిని చూసుకుంటోందో ఆ యంత్రం మూడుసార్లు చెప్పింది. ఇది నేను కాదండీ అని ఆ పిల్ల నాలుగోసారి నోటితో చెప్పింది. నేను జబ్బుకు దోషం అని పేరు పెట్టి చెత్తబుట్ట చూపించాను. రేపు పొద్దున ఆ పిల్లను బల్ల మీద పడుకోబెట్టబోతున్నాను. లేని కొవ్వు తీస్తే అద్దంలోని మనిషి పోదు. పోకపోతే ఆ పిల్ల ఇంకా తగ్గాలనే అనుకుంటుంది. ఎందాకా తగ్గాలి? ఆ ఆలోచన నేను పూర్తి చేయలేకపోయాను.

బావకు ఫోను చేసి అంతా చెప్పాను. "ఆ రోజు నీ ముక్కు దగ్గరే ఆగి ఉండాల్సింది మనం," అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. గంటలో అక్కడి నుంచే సవరణ తీసేశాడు.

తరువాత నాతో చదువుకున్న తాహెరాకు చేశాను. తాహెరా మానసిక వైద్యురాలు. రేపు ఆ అమ్మాయిని కాదని పంపేస్తాను అన్నాను. వద్దంది. మా వీధిలోనే ఇంకో రెండు క్లినిక్‌లున్నాయి, ఇక్కడ కాదంటే అక్కడికి వెళుతుంది, ఈసారి బొమ్మలు దాచే సలోమి కూడా ఉండదు అంది. నువ్వు బాగానే ఉన్నావు, అందంగా ఉన్నావు అని కూడా అనొద్దంది. ఆ మాటతో ఆ పిల్ల మనల్ని నమ్మడం మానేస్తుందట. మరేం చెయ్యను అంటే, "ముందు నమ్ము. నమ్మాక ఆపు. అదే రోజు గుండె పరీక్ష చేసి నా దగ్గరికి తీసుకురా," అంది.

గురువారం పదింటికి హైమ వచ్చింది. తగ్గారండీ అనొద్దని ముందే అందరికీ చెప్పాను. అప్పలస్వామి నమస్కారం పెట్టాడు, రిసెప్షన్ అమ్మాయి కూర్చోండి అంది. హైమ ముఖం పాలిపోయింది. నేరుగా నా గదిలోకి వచ్చి, "నేను తగ్గలేదా అండి?" అని అడిగింది. మేం ఇన్నాళ్ళూ పంచిపెట్టిన చవక మందు ఎలాంటిదో ఆ ఒక్క ప్రశ్నలో తెలిసింది నాకు.

తలపుటద్దం దగ్గరికి తీసుకెళ్ళాను. సలోమి టోపీ పెట్టింది. వాళ్ళమ్మ కుర్చీ పక్కన నిలబడ్డారు. ఈసారి యంత్రం దోషం అనలేదు. మొదటి గీత నుంచి చివరి గీత దాకా అడ్డుపడకుండా గీసుకుంటూ పోయింది. హైమ కళ్ళు తెరిచి చూసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇదండీ నేను," అంది. "అందరూ నవ్వుతుంటే నాకే పిచ్చేమో అనుకున్నానండి. మీకూ కనిపిస్తున్నానా అండి?"

"కనిపిస్తోందమ్మా," అన్నాను. "నువ్వు రోజూ ఇలాగే చూస్తున్నావని నమ్ముతున్నాను. ఆ రోజు నమ్మకుండా నవ్వాను. తప్పు నాది."

అప్పుడా పిల్ల ఏడ్చింది. వాళ్ళమ్మ ఆ చిన్ని వీపు మీద చెయ్యి వేసి ఉంచారు. ఏడుపు తగ్గాక హైమ కళ్ళు తుడుచుకొని, అయితే ఈ పొట్ట ఇవాళ తీసేస్తారు కదండీ అంది. దీనికి తాహెరా ఏమీ నేర్పలేదు. నేను హైమ తల మీది టోపీ తీసి నా తలకు పెట్టుకొని, లేమ్మా, ఆ కుర్చీ నాకివ్వు అన్నాను.

సలోమికి కూడా అప్పటిదాకా తెలియదు. తెర మీద నా ముఖం వచ్చింది, దాని నడుమ గుత్తివంకాయ. హైమ బొమ్మను చూసింది, నన్ను చూసింది, మళ్ళీ బొమ్మను చూసింది. ఏడుపు మధ్యలోంచి నవ్వు రాబోయి ఆగింది.

"ఇరవై రెండేళ్ళ కిందట కోయించాను," అన్నాను. "బాగా చేశారు. వంక పెట్టడానికి లేదు. అద్దంలో మాత్రం రోజూ ఇదే కనిపిస్తుంది నాకు."

"కోసినా పోలేదా అండి?"

"కోసింది ఇక్కడ," అని ముక్కు చూపించాను. "అది ఉన్నది ఇక్కడ," అని టోపీ మీద వేలు పెట్టాను.

హైమ తల దించింది. వాళ్ళమ్మ కుట్టిన జాకెట్టు ఒంటి మీద వేలాడుతోంది. దాని అంచును పట్టుకొని చూసుకుంది. పట్టుకున్న గుడ్డకూ నడుముకూ మధ్య ఇంకో మనిషి పట్టే చోటుంది. అది ఆమెకు కనిపించిందో లేదో నాకు తెలియదు. "మరి దీన్నెలా తీస్తారండి?" అని బొమ్మ వైపు చూపించింది.

"నాకు రాదమ్మా. ఆ పని వచ్చినావిడ ఉంది. నీతో నేనూ వస్తాను."

వచ్చింది. అంత తేలిగ్గా వచ్చిందని కాదు, అప్పుడు ఎదురు చెప్పడానికి కూడా ఓపిక లేక వచ్చింది. సలోమి గుండె పరీక్ష చేస్తే ఆ గుండె ముసలివాళ్ళ గుండెలా నెమ్మదిగా కొట్టుకుంటోంది. ఇంకో పక్షం రోజులు ఆలస్యమైతే నా దగ్గరికి రావాల్సిన పని ఉండేది కాదు అని తాహెరా తరువాత నాతో అంది. హైమ మూడు వారాలు ఆసుపత్రిలో ఉంది. నేను చూడ్డానికి వెళితే రెండుసార్లు ముఖం తిప్పేసుకుంది. తన పొట్ట తీయకుండా మోసం చేశానని కోపం. సలోమిని మాత్రం రానిచ్చేది. సలోమి రోజూ డ్యూటీ అయ్యాక వెళ్ళి, మంచం పక్కన కూర్చొని, జ్వరం వచ్చిన పిల్లను అడిగినట్టు "తగ్గిందా అమ్మా?" అని అడిగేదట. వారం రోజులు హైమ జవాబు చెప్పలేదు. ఎనిమిదో రోజున, "ఇన్నాళ్ళూ అందరూ నేను తగ్గానా అనే చూశారండి. జబ్బు తగ్గిందా అని మీరొక్కరే అడుగుతున్నారు" అందట. సలోమి ఆ మాట వచ్చి నాకు చెప్పి, ట్రే సర్దుకుంటూ కూర్చుంది. మా క్లినిక్ నియమం ఆ రోజు పుట్టింది.

చీర పెట్టెలో హైమవి కాక ఇంకా పదకొండు మంది బొమ్మలున్నాయి. అందరికీ నేనే ఫోను చేశాను, సలోమి చేస్తానన్నా వద్దన్నాను. తొమ్మిది మంది వచ్చారు. ఆరుగురికి తాహెరా అవసరం పడింది. ఒకావిడ వేరే ఊరు వెళ్ళిపోయింది. పదకొండో నంబరుకు వాళ్ళ అన్నయ్య పలికాడు. మా చెల్లి పోయి నాలుగు నెలలైందండి, ఏమిటి పని అని మర్యాదగా అడిగాడు. ఏం చెప్పానో నాకు గుర్తులేదు. ఆ అమ్మాయి కాగితం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. శిక్షణకు వచ్చినవాళ్ళకు చివర్న పేరు మీద చెయ్యి అడ్డం పెట్టి ఆ బొమ్మ చూపిస్తాను. ఇక ఎవరూ నవ్వరు.

బావ క్లినిక్‌లకు తలపుటద్దాలు ఇవ్వడం మానేశాడు. ఉన్నవాటిలో దోషం అన్న అచ్చు తీసేసి, తేడా వచ్చినచోట 'ఆగి అడగండి' అని పెట్టాడు. నా గోడ మీది ఫొటోలన్నీ దింపించాను. మేకులు ఊడదీసిన గుంటలు ఇంకా అలాగే ఉన్నాయి. కొత్తగా వచ్చిన డాక్టర్లకు మొదటి పాఠం సలోమి చెబుతుంది. పాఠం పెద్దదేం కాదు. పేషంటు చెప్పింది మీ కొలతకు సరిపోకపోతే ఆ కాగితం చింపకండి అంటుంది, అంతే.

ఇదంతా జరిగి మూడేళ్ళు. పోయిన శనివారం శిక్షణకు హైమ వచ్చింది. మాట్లాడమని నేనే పిలిచాను. మధ్యలో రెండుసార్లు జబ్బు తిరగబెట్టింది, రెండుసార్లూ మళ్ళీ లేచింది. బడికి వెళుతోంది. బుగ్గల సొట్టలు వెనక్కి వచ్చాయి. నవ్వితే ఒకటి ఎక్కువ లోతు, ఇంకోటి తక్కువ లోతు. ఈసారి నేను చూశాను.

సత్యవేణి గారు కూడా వచ్చారు. వస్తూనే సంచిలోంచి ఆకుపచ్చ జాకెట్టు ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. నేనెప్పుడూ ఆది ఇవ్వలేదే అన్నాను. మీ ఆది నా కంట్లో ఉందండి, మూడేళ్ళ నుంచీ అన్నారావిడ. గదిలోకి వెళ్ళి తొడుక్కుంటే చంక దగ్గర గానీ మెడ దగ్గర గానీ ఎక్కడా లాగలేదు. ఆ గదిలో తలుపు వేసుకొని నేను కాసేపు ఏడ్చాను. నేను వాళ్ళింటి పిల్లను బల్ల ఎక్కించబోయినదాన్ని. నాకు కృతజ్ఞతలు వాళ్ళు చెబుతున్నారు. చెప్పాల్సింది నేను, అదీ ఈ జాకెట్టు కుట్టిన చేతులకూ సలోమి చేతులకూ. ఒకరు కుట్టింది దాచకుండా తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఒకరు చింపమన్నది చింపకుండా దాచిపెట్టారు. నాకంటూ మిగిలిన మంచి పేరు ఏదైనా ఉంటే అది ఆ రెండు జతల చేతులు నిలబెట్టింది.

బయటికి వచ్చేసరికి హైమ పన్నెండు మంది డాక్టర్ల ముందు నిలబడి ఉంది. ఏం మాట్లాడాలో తెలియక మైకు అటూ ఇటూ మారుస్తోంది. నేను ముందు వరసలో కూర్చొని, అందరికీ వినపడేలా అడిగాను.

"తగ్గిందా అమ్మా?"

"చాలావరకు తగ్గిందండి," అంది. అదే గొంతుతో, "మీ ముక్కు తగ్గిందా మేడం?" అంది.

డాక్టర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక సలోమి నవ్వడం నాకు వినపడింది. ఇన్నేళ్ళలో ఆమె పైకి నవ్వడం అదే మొదటిసారి.

"ఇంకా కొంచెం ఉందమ్మా," అన్నాను.

"ఉండనివ్వండి మేడం," అంది హైమ. "నాకూ కొంచెం ఉంది. ఉందని ఇప్పుడు చెప్పుకోవడానికి మనుషులున్నారు కదండీ."